బేడ

రాత్రి తొమ్మిదయితే రుమైతియాలో
బీబీ లుల్వా కాళ్ళు చాపి పరీక్ష మొదలుపెడుతుంది.
చిన్నమండెం బడిలో ఆరో తరగతి దాటని నేను
నూనెగిన్నె పక్కన పెట్టుకుని
ఎనభై మూడేళ్ళ పంతులమ్మ ముందు కూచుంటాను.

"షిస్మా?" అంటుంది. దాని పేరేంది అని.
మిద్దెకు వేలాడే, తిరగని పాత ఫ్యాను.
పంకా, అంటాను.
కాళ్ళకు తొడుక్కునేవి? జూతీ.
మలుపు లేకుండా పోతే? సీదా.
కరెంటు రాని కాలంలో వాళ్ళ నాయన
చేతపట్టుకుని సందులు తిరిగిన దీపం?
ఆలోచించి, బిజిలీ అంటాను.
మెచ్చుకోలుగా కాలి బొటనవేలు ఆడిస్తుంది.

ఈ మాటలన్నీ బొంబాయి నించి చెక్క ఓడల్లో
బియ్యం మూటల మధ్య కూచుని వచ్చాయంట.
నేను పుట్టకముందే ఇక్కడ
అకామా కొట్టించుకున్నాయి,
ఏ కఫీలూ లేకుండా.

రూపాయి కూడా మనదే అంటుంది బీబీ,
రంగు మాత్రం ఎర్రది.
దాన్ని చిల్లర మార్చి
పదేళ్ళ పిల్ల మిఠాయి కొనుక్కుంది.
అదే ఏడు, ఎవరి మిద్దె మీదో
దుప్పటి కట్టి సినిమా వేస్తే
ఆడోళ్ళను దుప్పటికి అవతల కూచోబెట్టినారంట.
అందుకే ఆమె చూసిన నాయికలంతా
ఎడమచేత్తో ఉత్తరాలు రాసినారు.
అక్షరాలు తిరగబడి నడిచినాయి.
"నాకేం తెలుసు, మిసురు దేశంలో
అందరూ ఎడమచేతి వాళ్ళే అనుకున్నా."

నా వంతు వచ్చింది.
మా జేజి టూరింగు టాకీసుకు పోతే
నేల టికెట్టు ఎంత?
బీబీ కళ్ళు మూసుకుని, "ఆనా" అంది.
అణానే. ఎట్ల తెలిసిందో!
మరి రెండణాలను ఏమంటారు?
ఓడిపోయింది. బేడ, అని చెప్పినా.
బేడ, బేడ, అని నోట్లో వక్కలా తిప్పుకుంది.

తర్వాత ఒళ్ళు.
మడమ, చీలమండ, పిక్క
నేను ఒత్తుకుంటా పైకి పోతాను,
ఆమె అరబ్బీలో కిందికి దిగుతుంది.
ముక్కు దగ్గర ఆగింది.
ఏదైనా అడిగితే "నా ముక్కు మీద" అంటారంట,
సంతోషంగా చేస్తానని.
మా దగ్గర ముక్కు మీద కోపం తప్ప
ఇంకేమీ నిలవదు బీబీ, అన్నా.
వాళ్ళ నాయన ముత్యాలకు మునిగేటప్పుడు
ముక్కుకు పెట్టుకున్న కొమ్ము చిమటా
అలమారలో ఉంది. ఒకసారి నాకు పెట్టి చూసింది.
ఊపిరాడలేదు. ఇద్దరం నవ్వినాం,
నేను నోటితో.

ఒకరోజు జ్వరమొచ్చి పడుకుంటే
నా తల నిమిరి "చబ్ది" అంది.
అంటే కార్జం.
నాకు రాయచోటి మటన్ కొట్టు గుర్తొచ్చింది,
అరకిలో, మిరియాలేసి వేపుడు.
వాళ్ళకు ప్రేమ గుండెలో కాదంట,
అక్కడ ఉంటుందంట, పిత్తం పక్కనే.
వీసా మెడికల్లో నా ఛాతీని ఎక్సురే తీసి
ఊపిరితిత్తులు ఫిట్ అని రాసినారు.
కార్జం సంగతి ఎవరూ అడగలేదు.

నిన్న మోకాలు మడిచి, వెనక గుంట తాకి
"షిస్మా?" అంది.
నూనె పోస్తే చెంచాడు నిలిచే గుంట.
ముందు మోకాలు చిప్ప, కింద పిక్క,
మధ్యలో దీన్ని ఏమంటారో
మా అమ్మ చెప్పలేదు, పుస్తకమూ చెప్పలేదు.
ఆమెకూ తెలీదు.
ఇద్దరికీ సున్నా మార్కులు.

చాలాసేపటికి బీబీయే అంది:
ఒక్కోటి అణా. రెండూ కలిస్తే బేడ.

పొద్దున ఫిలిప్పీన్సు ఫిజియో పిల్ల రోవెనా
ఎక్కడ నొప్పి అని అడిగింది.
"బేడ" అంది బీబీ, సీదాగా.
రోవెనా నా వైపు చూసింది.
నేను తల ఊపినా, అదే దాని పేరని.
కాగితం మీద జాగ్రత్తగా
స్పెల్లింగు అడిగి మరీ రాసుకుంది.